నల్లరాయి తర్వాత

మా కొట్టుకి ప్రతి మంగళవారం చేపలమ్మే ఆవిడ ఒకతె వస్తుంది. బుట్టని మెట్లకి దూరంగా దించి, పైకొచ్చి చింతపండూ ఎండుమిరపకాయలూ కొనుక్కుని పోతుంది. బుట్ట దూరంగా పెట్టడం మా ఆయన కోసం. మాది నీచు ముట్టని ఇల్లు. ఆ వాసన తగిలితే చాలు, ఆయన ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని గోదాములోకి నడుస్తారు. మొన్న మంగళవారం ఆవిడ బుట్ట దించలేదు. నెత్తిన పెట్టుకునే కింద నిలబడి అంది:

"సావుకారమ్మా, పడవ మావ పోనాడమ్మా. ఆదోరం నాడు, పొద్దు పొడిసిన యేల."

నేను ధనియాల పొట్లం కడుతున్నాను. దారం చేతిలోనే ఉండిపోయింది. గుండెలోంచి ఏదో లేచి గొంతు దగ్గర ఆగింది. నాకది పాత చుట్టమే. "వొదులు" అనుకున్నాను నాలో నేను. వదిలాను. పొట్లం కట్టి బేరం వాడి చేతిలో పెట్టాను. అలా పెట్టగలిగానంటే అది ఆ పోయినాయన పుణ్యమే.

ఆయన పేరు నాకు తెలుసు కానీ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయన ఎలాగూ పలికేవాడు కాదు. ఈ చేపలావిడ వాళ్ళ ఊళ్ళో పసిపిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ పడవ మావే.

సముద్రంతో మా వంశానికున్న సంబంధమల్లా ఉప్పు బస్తాలే. అటువంటిది నలభై ఆరేళ్ళ వయసులో నేను సముద్రంలో ఎందుకు దిగానంటే, దానికో కథ ఉంది. పెద్ద తుఫాను వచ్చి పోయిన మరుసటి సంవత్సరం, దసరా బేరాల రద్దీలో, మిట్టమధ్యాహ్నం పీట మీద కూచున్నదాన్ని కూచున్నట్టే ఊపిరి అందక కొట్టుకుపోయాను. చావొచ్చిందనే అనుకున్నాను. విజయనగరంలో ఇద్దరు డాక్టర్లు, విశాఖలో ఒకాయన, ఉన్న పరీక్షలన్నీ చేసి, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, భయపడకండి" అన్నారు. భయపడకండి! ఆ మాట కనిపెట్టినవాడి నోట్లో నా మెంతులు పొయ్య. పడకూడదని చెబితే ఆగేదైతే అది భయం ఎందుకవుతుంది?

ఇరవై రెండేళ్ళుగా ఆ పీట నాది. ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీసివ్వగలను. అలాంటిదాన్ని, పీట ఎక్కితే చాలు దడ పట్టుకునేది. మూడు నెలలు ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన మంచివారు, ఒక్క మాట అనలేదు. ఒకరోజు భోజనాల దగ్గర మాత్రం నెమ్మదిగా, "నీ పీట మీదికి ఎవరినైనా పెట్టుకుందామా మరి?" అన్నారు. ఆ పీట పోతే ఇంక నేనెవరిని?

అప్పుడు మా అన్నయ్య కూతురు వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఎవరి మాటా వినదు. "అత్తా, పూసపాటిరేగ అవతల సముద్రంలో తెల్లవారుజామున చిన్న పడవలు నడపడం నేర్పుతున్నారు. ముఖానికి అద్దాలు పెట్టి నీళ్ళలో చేపల్ని చూపిస్తారు. అందరూ కొత్తవాళ్ళే. నలుగురం అనుకున్నాం, ఒకమ్మాయి రానంది. నువ్వు ఒడ్డున కూచుందువుగాని రా" అంది. ఒడ్డున కూచోవడానికే వెళ్ళాను. ఈ సంగతి చదివేవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి.

సరుగుడు తోపు దాటి ఇసకలోకి వచ్చేసరికి ఇంకా మసక మసగ్గానే ఉంది. పచ్చటి ప్లాస్టిక్ పడవలు బోర్లా పడుకోబెట్టి ఉన్నాయి. కయాక్ అంటారట. ఆ వ్యాపారం నడిపేది పట్నం కుర్రాళ్ళు, నీళ్ళలోకి తీసుకెళ్ళేది మాత్రం పడవ మావ. అరవై దగ్గర పడ్డ మనిషి, ఎండిన చింతకాయలా ఉన్నాడు. మోకాళ్ళ పైకి కట్టిన గళ్ళ లుంగీ, పైన కుర్రాళ్ళిచ్చిన కంపెనీ చొక్కా, మెళ్ళో ఒక విజిలు. ఆ విజిలు ఆయన ఊదగా నేనెన్నడూ వినలేదు. చెవి వెనక సగం కాల్చి ఆర్పిన చుట్ట. ఆ పడవల్ని ఆయన కయాక్ అనేవాడు కాదు, "డొప్పలు" అనేవాడు. "సంద్రం మీద అరిటి డొప్పలేసుకుని ఆడుకోడానికి పట్నం నుంచి వస్తన్నారు, ఏటి కాలం" అని నవ్వేవాడు. ఆ నవ్వుకి చప్పుడు ఉండేది కాదు. భుజాలు మాత్రం ఎగిరేవి, చివర్లో దగ్గు వచ్చేది.

పడవ ఎక్కించే ముందు ఆయన పద్ధతి ఒకటుంది. అందరినీ వరసగా ఒక పెద్ద టబ్బు ముందు కూచోబెట్టేవాడు. ఆయన భార్య చేపలు కడిగే టబ్బు అది. దాన్నిండా నీళ్ళు. ముఖానికి అద్దాలు తగిలించి, నోట్లో గొట్టం పెట్టి, తల అందులో ముంచి ఊపిరి తీసుకోమనేవాడు. టబ్బులో కుదిరినవాళ్ళకే సముద్రం.

"నేను ఒడ్డున కూచోడానికి వచ్చానయ్యా" అన్నాను.

"కూసోండమ్మా, నానేటి కాదన్నానా? టబ్బు కూడా ఒడ్డునే ఉన్నాది."

మా మేనకోడలు కిసుక్కుమంది. రోషం వచ్చి తల ముంచాను. మొదట చేపల వాసన, తర్వాత అసలు సంగతి. దడ వచ్చేసింది. గొట్టం ఊడబీక్కుని, వెనక్కి పడి, ఇసకలో కూచుని రొప్పుతున్నాను. ఆయన పరిగెత్తుకు రాలేదు, భయపడకండి అనలేదు. పక్కన గొంతుక్కూచున్నాడు.

"ఏటి సేసినారు తల్లీ?"

"ఊపిరి పీల్చాను. అందలేదు."

"ఎలాగందుతాది? నిండు బిందిలో మళ్ళీ నీళ్ళు పోస్తే పడతాయేటి? ముందు వొదలండి. పీల్సడం ఎవులూ నేర్పక్కర్నేదు, దాని పాటికది వస్తాది. వొదలడం కాడే అందరూ పిసినారోళ్ళు." నా నల్లపూసలూ ముక్కుపుడకా ఎగాదిగా చూసి, "సావుకార్లు మరీని" అన్నాడు.

మూడు నెలల్లో నేను నవ్వడం అదే మొదలు. నవ్వితే ఊపిరి బయటికే కదా పోతుంది. మళ్ళీ తల ముంచాను. పైనుంచి ఒక్క మాటే వినపడుతోంది: "వొదులు... వొదులు..." ఎక్కడా పీల్చమని చెప్పలేదు. టబ్బు అడుగున ఒక పొలుసు మెరుస్తూ కనిపించింది. దాన్నే చూస్తూ ఎంతసేపున్నానో తెలీదు. తల ఎత్తేసరికి మా మేనకోడలు లైఫ్ జాకెట్ పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"నాకింకా భయంగానే ఉందయ్యా" అన్నాను.

"ఉండనీయండి. రెండు సీట్ల డొప్ప కదా, ఓ మూల అదీ కూసుంటాది. దాంతో మాటాడకండి, సాలు."

ఆయన భార్య చీర మార్పించి పంజాబీ డ్రెస్సు వేయించింది. జాకెట్ పట్టీలు ఆయనే బిగించి, నా ముఖం చూసి మళ్ళీ ఒక వేలు వదులు చేశాడు. నీళ్ళలో అడుగు పెట్టేముందు వంగి, చేత్తో నీటిని తాకి కళ్ళకద్దుకున్నాడు. అంత భక్తి చూపించినవాడు మరుక్షణంలో అలల మీద కేకలు మొదలెట్టాడు. "ఒసే, ఆగవే! కొత్తోళ్ళొచ్చినారు కనపడ్డం లేదేటి నీకు?" మూడు పెద్ద అలల్ని పోనిచ్చి, నాలుగో దాని వెనకాల డొప్పని తోసి ఎక్కాడు. నేను ముందు, ఆయన వెనక. పొద్దు పొడుపు చూడాలని విశాఖ నుంచి కూడా జనం వస్తారట. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"కళ్ళిప్పండమ్మా. ఈయేల్టి పొద్దు మళ్ళీ పొడవదు."

తెరిచాను. నీళ్ళన్నీ కుంకం కలిపినట్టున్నాయి. బాగుందని ఒప్పుకోవాలంటే అప్పుడు నాకు మనసు రాలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒడ్డుకి మరీ దూరం కాకుండా చిన్నరాయి అని ఒకటుంది. పైకి కనపడదు, నీళ్ళ కింద నిలువెత్తు లోతున ఉంటుంది. దాని దగ్గర డొప్పలకి లంగరు వేసి, వెనకాల డొప్పల్లో వచ్చిన మా మేనకోడలు వాళ్ళతో సహా మమ్మల్ని ఒక్కొక్కరినే దింపాడు. తాడు పట్టుకుని తేలుతున్నాను. కింద నేల లేదన్న ఆలోచన వచ్చింది, అంతే. చేతులు చల్లబడ్డాయి, ఛాతీ బిగుసుకుపోయింది. గొట్టం ఉమ్మేశాను. ఆ నిమిషంలో నాకు కనిపించింది చేపలూ కాదు, సూర్యుడూ కాదు. నా పీట మీద ఎవరో కూచుని పొట్లాలు కడుతున్నారు.

ఆయన నన్ను పట్టుకోలేదు. నా పక్కనే వెల్లకిలా తేలుతూ, వీధరుగు మీద పడుకున్నవాడిలా తాపీగా అడిగాడు:

"అమ్మా, తమరి కొట్లో పై అరలో ఏటున్నాది?"

నాకు ఒళ్ళు మండింది. మనిషి చస్తుంటే కొట్టు గొడవ ఏమిటి? కానీ కొట్టు సంగతి అడిగితే నా నోరు ఊరుకోదు.

"జీలకర్ర."

"దాని పక్కన?"

"మెంతులు."

"తర్వాత?"

"ఆవాలు. తర్వాత వాము."

"జీలకర్ర, ఆవాలు, తర్వాత మెంతులు. అంతేనా?"

"కాదయ్యా! మెంతులు ముందు, ఆవాలు తర్వాత! ఎన్నిసార్లు చెప్పాలి?" అని బంగాళాఖాతం అదిరేట్టు అరిచాను.

"అలాగే, అలాగే. రెండో అర సెప్పండి."

రెండో అర చెప్పాను. మూడో అరలో సగ్గుబియ్యం దగ్గరికి వచ్చేసరికి నా ఊపిరి నా మాట వింటోంది. అరవాలన్నా, చెప్పాలన్నా ముందు వదలాలి కదా. అంత చిన్న కిటుకు. ముగ్గురు డాక్టర్లకి తోచలేదు.

"మరిప్పుడు నా కొట్టు సూడండి" అని గొట్టం చేతికిచ్చాడు.

తల వంచాను. రాతికి అంటుకున్న ఆల్చిప్పలు, ఊగుతున్న నాచు, సందుల్లో ముళ్ళముళ్ళగా నల్లటి ఉండలు. ఇంతలో పసుపూ నలుపూ చారల చేపలు ఒక గుంపు నా చేతివేళ్ళ దాకా వచ్చి, తూకం చూసినట్టు చూసి వెళ్ళిపోయాయి. నేను ఏడ్చాను. అద్దాల్లోపల నీళ్ళు, బయట నీళ్ళు. తల ఎత్తగానే ఆయన పరిచయాలు మొదలెట్టాడు. ఆయనకి ఏ చేపనైనా కూరతో కలిపి చెప్పడమే వచ్చు. "ఆ సారల్దున్నాది, ముళ్ళెక్కువ. దాని ఎనకాల్ది మాత్రం మావిడికాయేసి పులుసెడితే... అయ్యో, మర్సిపోనాను, తమరు తినరు కదా." ఆ రోజు అలా నాలుగుసార్లు మర్చిపోయాడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ మర్చిపోతూనే ఉన్నాడు. కావాలనే అని నా అనుమానం.

వారం తిరక్కుండా నా పీట నేనెక్కాను. దడ రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా పై అర నుంచి మొదలుపెట్టి పైకే చదివేదాన్ని. సరుకు చూసుకుంటున్నాననుకుని మా ఆయన, "ఏం తగ్గింది? రాసుకోనా?" అనేవారు. ఏం తగ్గిందో ఆయనకి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

ఏటా చలికాలంలో రెండు మూడుసార్లు వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా పాత చింతపండు, కొత్త బెల్లం పట్టుకెళ్ళేదాన్ని. "ఏమయ్యా" అనేదాన్ని ఎప్పుడు "అన్నయ్యా"లో పడ్డానో నాకే తెలీదు. ఆయన మాత్రం చివరిదాకా సావుకారమ్మా అనే పిలిచాడు.

ఆయన ఇల్లు సముద్రానికి ఎదురుగా మొదటి ఇల్లు. గోడలకి సున్నం ఎప్పుడు వేశారో ఆ దేవుడికే తెలియాలి. వీధి తలుపు మాత్రం ధగధగలాడే పసుపు రంగు. తుఫాన్ల కాలం వెళ్ళగానే ఏటా తనే డబ్బా ముందేసుకుని రంగు వేసుకునేవాడు. వేరే ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"గోడలు రాలిపోతన్నా పట్టదు గానీ తలుపుకి మాత్రం పెళ్ళికూతురి ముస్తాబమ్మా" అని ఆయన భార్య నాతో మొర పెట్టుకునేది. "ఎందుకూ అంటే సెప్పడు. ఊరోళ్ళంతా నవ్వుతన్నారు."

"నా తలుపు, నా ఇష్టం. నీకేటి?" అనేవాడు. భుజాలు ఎగిరేవి. దగ్గు వచ్చేది. ఆవిడ చెవి వెనక చుట్ట లాక్కుని పొయ్యిలో పారేసేది.

చిన్నరాయికి అవతల, బాగా లోపలికి నల్లరాయి ఉందని చెప్పేవాడు. కొత్తవాళ్ళని అక్కడికి ఎన్నడూ తీసుకెళ్ళలేదు. "నన్నెప్పుడు తీసుకెళ్తావన్నయ్యా?" అంటే, "తమరికి ఈతొచ్చినాక" అనేవాడు. "వచ్చేసరికి నువ్వు ముసలాడివైపోతావు" అంటే, "అప్పుడు తమరే నన్ను తీసుకెళ్దురు గాని" అనేవాడు.

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక మంగళవారం చేపలావిడే చెప్పింది, పడవ మావని విజయనగరం ఆస్పత్రిలో చేర్చారని. చుట్టలు ఊపిరితిత్తుల్ని తినేశాయట. కొట్టు మా ఆయనకి అప్పజెప్పి ఆటో ఎక్కాను.

వార్డులో ఆ చివర మంచం మీద ఉన్నాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. దాన్ని రెండు చేతులా లాగేస్తున్నాడు. నర్సు కేకలేస్తోంది, భార్య కాళ్ళ దగ్గర కూచుని ఏడుస్తోంది. ఆయన కళ్ళు చూశాను. ఆ కళ్ళు నాకు తెలుసు. అలల మీదే కేకలేసిన మనిషి, ఇసకలో కూచుని రొప్పిన నాలాగే ఉన్నాడు.

"అన్నయ్యా, వొదులు" అన్నాను.

నా వైపు చూశాడు. "బయమేస్తన్నాది సావుకారమ్మా" అన్నాడు మాస్కులోంచి.

"వెయ్యనీ. ఇంత పెద్ద మంచం ఉంది, ఓ మూల అదీ కూచుంటుంది. దాంతో మాట్లాడకు, నాతో మాట్లాడు. ఒడ్డు దిగితే మొదట ఏటున్నాది?"

నా నోట ఆ 'ఏటి' వినగానే భుజాలు ఒక్కసారి కదిలాయి. అది నవ్వేనని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"ఇసక" అన్నాడు.

"తర్వాత?"

"గుల్లలు... కాలికి గీసుకుంటాయి."

"తర్వాత?"

"సిన్నరాయి. సారల సేపలు."

"పులుసుకి బాగుంటాయన్నావు, అవేనా?"

"అవి కాదమ్మా!" కోపంగా, గట్టిగా అన్నాడు. "ముళ్ళెక్కువ వాటికి. పులుసు సేప దాని ఎనకాల్ది!"

ఊపిరి పొడుగ్గా బయటికొచ్చింది. మాస్కు మీద ఆవిరి పట్టింది. చేతులు దించాడు. నర్సు అరవడం ఆపి, ఆయన భార్యకి మందుల చీటీ ఇచ్చి కిందికి పంపింది. మేం కదల్లేదు. చిన్నరాయి తర్వాత బురద నేల, రొయ్యలుండే చోటు. ఆ తర్వాత చల్ల నీళ్ళ వాలు. ఆ తర్వాత నల్లరాయి. తర్వాత అని అడిగితే అది కూడా చెప్పాడు. చెప్పి, నా చేతి మీద చెయ్యి అలాగే ఉంచి నిద్రపోయాడు. బతికించిన మనిషికి ఒక్కసారైనా పనికొచ్చానన్న తృప్తి ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది నాకు. వారం తర్వాత ఇంటికి తీసుకెళ్ళిపోయారు. ఇంక ఎన్నాళ్ళో ఉండడని డాక్టరు చెప్పాడట.

మొన్న పొట్లం అందుకున్న బేరం వెళ్ళిపోయాక, చేపలావిడ ఇంకా కిందే నిలబడి ఉంది.

"మావ పెళ్ళాం మిమ్మల్నో మాట అడిగి రమ్మన్నాదమ్మా" అంది. "ఇంటికొచ్చినాక కూడా ఊపిరాడనప్పుడల్లా, మీరడిగినట్టే ఆయమ్మ అడిగీదంట. ఇసక, గుల్లలు, అన్నీ సెప్పీవోడంట. ఆదోరం పొద్దున్న నల్లరాయి దాకా సెప్పి ఆగిపోనాడంట. తర్వాత ఏటి మావా అంటే మరి పలకలేదంట. ఆ తర్వాత ఏటున్నాదో ఆయమ్మకి తెలీదు. సావుకారమ్మకి ఆస్పటల్లో సెప్పే ఉంటాడు, కనుక్కురా అని అంపింది."

"ముందు బుట్ట దించి పైకి రా" అన్నాను.

"అయ్యగారు..."

"అయ్యగారికి నేను చెప్పుకుంటాను. ఇలా వచ్చి కూచో."

బుట్ట తెచ్చి మెట్టు మీదే పెట్టి కూచుంది. మా ఆయన గోదాములోకి వెళ్ళలేదు. ఉత్తరీయం కూడా ముక్కు దాకా రాలేదు.

ఆస్పత్రిలో ఆయన ఏ మాటన్నాడో ఆ మాటే, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను.

"నల్లరాయి దాటినాక ముందుకి సూడకూడదు సావుకారమ్మా. ఎనక్కి తిరిగి సూడాల. ఊరంతా సరుగుడు తోపులో కలిసిపోతాది, ఏ ఇల్లేదో తెలీదు. పొద్దు పొడిసి ఎండ పడతాది సూడండి, అప్పుడు మా తలుపొక్కటే కనపడతాది. ఎనకాల మా ఆడది టీ ఎడతన్నాదని తెలుస్తాది. అది కనపడినంత దూరమే ఎల్లీవోణ్ణి. అవతల ఎన్ని సేపలున్నా, అది దాటి ఎల్లలేదు."

"ఓలమ్మా" అంది చేపలావిడ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అందుకేనేటి ఆ రంగు! మేవంతా నవ్వీవోళ్ళం."

మా పక్కది రంగుల కొట్టు. పసుపు రంగు డబ్బా ఒకటి తెప్పించి, చింతపండు పొట్లంతో పాటు ఆవిడ చేతికిచ్చాను.

"రంగులేసే నెల ఇంకా రాలేదు కదమ్మా" అంది.

"రాకపోతేనేం? ఆవిడ చేత్తో వెయ్యమను. నేనూ వస్తున్నానని చెప్పు."

ఆవిడ వెళ్ళాక పీట మీద కూచున్నాను. ఆ పాత చుట్టం, దడ, మళ్ళీ వచ్చింది. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. ఈసారి కొట్టు అరల్ని తలుచుకోలేదు. ఇసక, గుల్లలు, చిన్నరాయి, బురద నేల, చల్ల నీళ్ళ వాలు, నల్లరాయి... అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూసి, వదిలాను.